గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు, మరి ఆ దాణా డబ్బులెవరివి?

మూఢం వదిలాక వచ్చిన మొదటి ముహూర్తాల్లో మా పిన్ని కొడుకు పెళ్ళి, విజయనగరంలో. మేం శ్రీకాకుళం నుంచి మధ్యాహ్నం బస్సెక్కి వెళ్ళాం. రాత్రి ఊరేగింపు గంటస్తంభం దగ్గర్నుంచి కళ్యాణమండపం దాకా, అంటే మహా అయితే అరకిలోమీటరు, దానికి డీజే ఉంది, పూల కారు ఉంది, అయినా పెళ్ళికొడుక్కి గుర్రం కావాలట, ఇప్పుడు అందరికీ రీల్సు పిచ్చి కదా. సరే గుర్రం వచ్చింది. చూడగానే నాకు ముందు భయమేసింది ఎందుకంటే అది విశాఖ ఆర్కే బీచ్‌లో పిల్లల్ని తిప్పే గుర్రాల్లాగ లేదు, బాగా పొడుగు, సన్నటి కాళ్ళు, ఒళ్ళంతా నరాలు కనిపిస్తున్నాయి. మావాడు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఎక్కబోతే కుర్చీ విరిగింది, అందరూ నవ్వారు, తర్వాత ఎవరో స్టూలు తెచ్చారు. గుర్రం చెవుల్లో దూది పెట్టి ఉంది, డీజే సౌండుకి బెదరకుండా అట.

మండపం దగ్గర అందరూ లోపలికి పోయాక నేను గుర్రం అతనితో మాట కలిపాను. మాస్టారినని తెలిసాక అతనే మొదలెట్టాడు. "ఇది మామూలు గుర్రం కాదు మాస్టారూ, హైదరాబాద్ రేసుల్లో పరిగెట్టింది. నాకు మూడో చెయ్యి మీద వచ్చింది" అన్నాడు. పశువుల బేరగాళ్ళ మాట ఎంతవరకు నమ్మాలో సంతకి వెళ్ళినోళ్ళకి చెప్పక్కర్లేదు, కానీ ఆ ఎత్తు, ఆ నడక చూస్తే నమ్మాలనిపించింది. బాగానే గిట్టుబాటవుతుందా అని అడిగాను. "ఏటి గిట్టుబాటు, మూఢంలో ఒక్క పెళ్ళి లేదు. ముహూర్తాలు మనకి గాని దీనికేటి మాస్టారూ, పొద్దున్న లెగిస్తే ఆకలే. మూఢం తగ్గీవరకు ఆగవే అంటే ఇంటాదేటి?" అన్నాడు. ఆ మాట నాకు తెల్లారి బస్సులో కూడా వదల్లేదు.

ఎందుకు వదల్లేదంటే నేను మా ఊరి పక్కన ఒక చిన్న గోశాల కమిటీలో కోశాధికారిని. పేరుకి కోశాధికారి, పనికి అప్పులు అడిగేవాణ్ణి. లెక్కల మాస్టారివి కదా నువ్వే చూసుకో అని పుస్తకం నా చేతిలో పెట్టారు. కాబట్టి పని చెయ్యని జంతువుకి తిండి పెట్టడం అంటే ఏంటో రూపాయలతో సహా తెలుసు. అందుకే ఇంటికొచ్చాక ప్రపంచంలో రిటైరైన రేసు గుర్రాల్ని చూసుకునే సంస్థలకి అసలు డబ్బులు ఎక్కణ్ణుంచి వస్తాయి అని వెతకడం మొదలెట్టాను, ఒక రాత్రి అనుకున్నది నెల పట్టింది, మా ఆవిడ అయితే గుర్రం ఒకటి కొనేస్తానేమో అని కంగారు పడింది.

ముందు ఖర్చు. రేసు గుర్రం రెండేళ్ళ వయసులో పరుగు మొదలెడుతుంది, చాలావాటికి ఐదారేళ్ళకే పని అయిపోతుంది. బతికేది పాతిక, ముప్ఫయ్యేళ్ళు. అంటే ఉద్యోగం నాలుగేళ్ళు, రిటైర్మెంటు ఇరవయ్యేళ్ళు! మన లెక్కకి పూర్తిగా తిరగేసి. 450, 500 కిలోల గుర్రం రోజుకి బరువులో సుమారు 2 శాతం మేత తింటుంది, ఎండుమేత లెక్కలో 9, 10 కిలోలు, నీళ్ళు 30, 40 లీటర్లు. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించాలి. నులిపురుగుల మందు, ధనుర్వాతం టీకా. ఏడాదికోసారైనా పళ్ళు చూపించి అరగదీయించాలి. ఇక్కడ నాకు నవ్వొచ్చింది, పనిలేనివాణ్ణి చూసి గుడ్డిగుర్రానికి పళ్ళు తోముతున్నావా అంటాం కదా, అది నిజంగానే ఒక ఖర్చు పద్దు అన్నమాట, డాక్టరొచ్చి రాపిడి చేసి బిల్లేసి వెళ్తాడు. సరే అన్నీ కలిపి తక్కువలో తక్కువ రోజుకి 300 రూపాయలు అనుకుందాం, మనిషి కూలీ కలపకుండా. ఏడాదికి 1,09,500. ఇరవయ్యేళ్ళకి దగ్గర దగ్గర 22 లక్షలు. ఒక్క గుర్రానికి. ధరలు పెరగవు అనుకుంటే!

ఇప్పుడు డబ్బు కథ. అమెరికాలో ఫెర్డినాండ్ అని ఒక గుర్రం ఉండేది. 1986లో అక్కడి పెద్ద రేసు కెంటకీ డెర్బీ గెలిచింది, అప్పుడు దాని జాకీకి 54 ఏళ్ళు, 1987లో ఆ దేశానికే ఆ ఏటి మేటి గుర్రం. తర్వాత సంతానం కోసం 1994లో జపాన్‌కి అమ్మారు. అక్కడ గిరాకీ తగ్గింది, చేతులు మారింది, 2002లో కబేళాకి పోయింది. ఈ సంగతి 2003లో బయటపడేసరికి జనం గొల్లుమన్నారు. డెర్బీ గెలిచినదానికే ఈ గతా అని. అమెరికాలో ఈ పనికి ఇచ్చే చేతులు పెరగడానికి ఆ ఒక్క గుర్రం చావు చాలా కారణం, న్యూయార్క్ వైపు ఓనర్లు ఒక్కో పరుగుకి రెండు డాలర్ల చొప్పున ఇష్టమైతే ఇచ్చేలాగ దాని పేరు మీదే ఒక ఫీజు కూడా పెట్టుకున్నారు.

అదే 2003లో కెంటకీ రాష్ట్రంలో మైకేల్ బ్లోవెన్ అనే ఆయన ఓల్డ్ ఫ్రెండ్స్ అని ఒక ఫారం పెట్టారు. ఆయన అంతకుముందు బోస్టన్ గ్లోబ్ పేపర్లో సినిమా రివ్యూలు రాసేవారట, అందుకేనేమో ఈయనకి స్టార్ విలువ అంటే ఏంటో బాగా తెలుసు. ఫారంకి పెద్దపెద్ద రేసులు గెలిచిన పేరున్న గుర్రాల్ని తెచ్చారు, 1997 డెర్బీ గెలిచిన సిల్వర్ చార్మ్ 2014 చివర్లో జపాన్ నుంచి అక్కడికొచ్చింది. జనం టికెట్ కొనుక్కుని టూర్‌కి వస్తారు, క్యారెట్లు తినిపిస్తారు, ఫోటోలు దిగుతారు, టోపీలు, కప్పులు కొంటారు, పోతూపోతూ విరాళం ఇస్తారు. ఆ డబ్బుతో పక్క దొడ్డిలో పేరు లేని గుర్రాలు కూడా తింటాయి. హీరోని చూడ్డానికి టికెట్ కొంటే జూనియర్ ఆర్టిస్టులకి భోజనం పెట్టినట్టు.

తమాషా ఏంటంటే గెలిచినవే కాదు, ఘోరంగా ఓడిపోయినవి కూడా డబ్బు తెస్తాయి. జిప్పీ చిప్పీ అని ఒక గుర్రం, 100 సార్లు పరిగెట్టి ఒక్కటీ గెలవలేదు. ఓల్డ్ ఫ్రెండ్స్ వాళ్ళదే న్యూయార్క్ శాఖలో ఉండేది, దాన్ని చూడ్డానికి కూడా జనం వచ్చేవాళ్ళు, 2022లో పోయింది. జపాన్‌లో హారు ఉరారా ఇంకా మించింది, 113 పరుగులు, 113 ఓటములు. పరిగెట్టిన ఊరు పేరు కోచి, మన కేరళ కొచ్చి కాదు, షికోకు ద్వీపంలో ఉన్న కోచి. ఆ రేసుకోర్సు మూసేసే స్థితిలో ఉంటే ఓడిపోయే గుర్రాన్ని చూడ్డానికి జనం ఎగబడి దాన్ని నిలబెట్టారు. 2004 మార్చిలో జపాన్‌లోకెల్లా పెద్ద జాకీ యుటకా టకే ఎక్కాడు, అప్పుడు కూడా 11 గుర్రాల్లో పదోది. జనం దాని మీద కట్టిన పందెం టికెట్లు డబ్బు చేసుకోడానికి కాదు, దాచుకోడానికి. ఎందుకంటే జపనీస్‌లో పందెం తగలడానికి, బండి తగలడానికి ఒకటే మాటట! ఈ టికెట్ ఎలాగూ తగలదు కాబట్టి జేబులో ఉంటే బండి కూడా తగలదని తాయెత్తులాగ పెట్టుకునేవాళ్ళు. ఇది చదివి నేను లేచి మా ఆవిడకి చెప్పాను, మనకీ అంతే కదా, లాటరీ తగిలింది అంటాం, లారీ తగిలింది అంటాం.

హారు ఉరారా రిటైరయ్యాక ఒక ఫారంలో అభిమానుల సంఘం నెలనెలా ఇచ్చే చందాలతో బతికింది. 2025లో రేసు గుర్రాల పేర్లతో ఉన్న ఒక జపాన్ మొబైల్ గేమ్ ఇంగ్లీషులో వచ్చాక విదేశాల కుర్రాళ్ళు ఒక వెబ్‌సైట్లో దీనికి పచ్చగడ్డి కొనిపెట్టడం మొదలెట్టారు, తాకిడికి సైట్ ఆగిపోయింది. అదే ఏడు సెప్టెంబర్లో 29 ఏళ్ళ వయసులో పోయింది. ఇంకోటి నైస్ నేచర్. అది జపాన్‌లో ఏడాది చివర జరిగే పెద్ద రేసులో వరుసగా మూడేళ్ళు మూడో స్థానంలోనే వచ్చింది, 1991, 92, 93. క్లాసులో ఎప్పుడూ మూడో ర్యాంకు వచ్చే పిల్లాడిలాగ అందరికీ దానిమీద జాలి, ఇష్టం. అక్కడి రిటైర్డ్ గుర్రాల సంఘం ప్రతి ఏప్రిల్లో దాని పుట్టినరోజుకి చందా అడిగేది. 2021లో ఆ గేమ్ జపాన్‌లో వచ్చిన కొద్ది వారాలకే పుట్టినరోజు రావడంతో చందా మూడున్నర కోట్ల యెన్ దాటింది, మన డబ్బులో రెండు కోట్ల పైమాట. 2023లో ఏడు కోట్ల యెన్ దాటింది. ఆ మే నెలలోనే 35 ఏళ్ళకి అది పోయింది. ఆ డబ్బు నైస్ నేచర్ ఒక్కటే తినలేదు, ఇంకా ఎన్నో గుర్రాల్ని తీసుకుని సాకడానికి వాడారు. ఇదంతా చదువుతుంటే కడుపు నిండిపోతుంది నిజమే.

కానీ కోశాధికారి బుర్ర ఊరుకోదు కదా. గేమ్ పాతబడితే? ఆ గుర్రం పోతే? మా గోశాలకి ఒక ఎన్నారై తమ్ముడు ఒకసారి మంచి మొత్తం పంపాడు, ఆ ఏడు మేం రాజుల్లాగ ఉన్నాం, పచ్చగడ్డి, తెలగపిండి, దోమతెరలు. ఆ మురిపెంలో మరో పదకొండు ఆవుల్ని తీసుకున్నాం. తర్వాతి ఏడు అతను ఇల్లు కట్టుకున్నాడు, పంపలేదు, తప్పు అతనిది కాదు, ఆవులు మాత్రం పదకొండూ ఉన్నాయి. ఇంకో జబ్బు ఉంది మనవాళ్ళకి, పేరు కనిపించేదానికే ఇస్తారు. మా గోశాల ముందు తొమ్మిది సిమెంటు బెంచీలున్నాయి, తొమ్మిదింటి మీదా కీర్తిశేషుల పేర్లు. ఆవులు బెంచీల మీద కూర్చోవండీ బాబూ అని ఎవరికి చెప్తాం! పేడ ఎత్తే మనిషి జీతానికి, కరెంటు బిల్లుకి ఎవడూ పేరు రాయించుకోడు.

సరిగ్గా ఇదే దెబ్బ అమెరికాలో కూడా తగిలింది. అక్కడ థరోబ్రెడ్ రిటైర్మెంట్ ఫౌండేషన్ అని 1983 నుంచి ఉంది, థరోబ్రెడ్ అంటే రేసు గుర్రాల జాతి. వాళ్ళు చేసిన ఒక పని నాకు భలే నచ్చింది, న్యూయార్క్ రాష్ట్రంలో వాల్‌కిల్ అనే జైలుతో ఒప్పందం చేసుకుని 1984 నుంచి జైలు భూమిలోనే గుర్రాల్ని పెట్టి ఖైదీలతో చూపించారు, భూమి ఖర్చు తగ్గింది, కూలి ఖర్చు తగ్గింది, ఖైదీలకి పని వచ్చింది. డబ్బు రూపంలో రాని విరాళం అంటే ఇది. పాల్ మెలన్ అనే పెద్ద ధనవంతుడు పోయాక ఆయన ఆస్తి నుంచి 50 లక్షల డాలర్లు మూలనిధి కింద కూడా వచ్చాయి. అయినా గుర్రాలు వెయ్యి దాటేసరికి వాటిని ఉంచిన ప్రైవేటు ఫారాలకి రోజుకింత అని ఇవ్వాల్సిన డబ్బు ఆలస్యమైంది, కొన్నిచోట్ల గుర్రాలు బక్కచిక్కాయని 2011లో పేపర్లకెక్కింది, కోర్టుకెళ్ళింది, 2013లో రాజీతో తేలింది. అది చదివినరోజు మా పదకొండు ఆవులే కళ్ళముందు తిరిగాయి. మనసు పెద్దది అయినంత వేగంగా నిధి పెద్దది అవ్వదు.

ఇక అసలు సంగతి. నేను డీఎస్సీ 2008. అంటే 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరినవాణ్ణి, అంటే సీపీఎస్, జీతంలోంచి నెలనెలా కోసి పెన్షన్‌కి జమచేసే పద్ధతి. బేసిక్, డీఏ కలిపి 10 శాతం ప్రతి నెలా చేతికి రాకుండానే కట్. దాన్ని ఎన్ని సార్లు తిట్టుకున్నానో, ధర్నాలకి ఎన్ని సార్లు ఏడు రోడ్ల జంక్షన్‌లో నిలబడ్డానో లెక్కలేదు. కానీ గుర్రాల విషయంలో నెల రోజులు చదివాక నాకు తేలింది ఏంటంటే, సంపాదిస్తున్నప్పుడే, చేతికి అందకముందే కొయ్యడం తప్ప వేరే దారి లేదు. బయటి జనం దయ మీద ఇరవయ్యేళ్ళ దాణా నడవదు.

కాలిఫోర్నియాలో 2008 నుంచి ఇలగే చేస్తున్నారు, గెలుచుకున్న ప్రైజ్‌మనీలో 0.3 శాతం రిటైర్డ్ గుర్రాల ఖాతాకి పోతుంది. ఓనర్ వద్దు అని రాసిస్తేనే ఆగుతుంది, రాయకపోతే పోతూనే ఉంటుంది. ఇక్కడే కిటుకు ఉంది, కావాలంటే ఇవ్వండి అంటే పదిమందిలో ఇద్దరు ఇస్తారు, వద్దంటే కాగితం రాసివ్వండి అంటే ఆ కాగితం రాసే బద్ధకంతో ఎనిమిదిమంది ఇచ్చేస్తారు. ఆస్ట్రేలియా న్యూ సౌత్ వేల్స్‌లో ప్రైజ్‌మనీలో 1 శాతం గుర్రాల సంక్షేమానికి పక్కన పెడతారు, అక్కడ అడగడం లేదు చెప్పడమే. అమెరికా మొత్తానికి 2012లో థరోబ్రెడ్ ఆఫ్టర్‌కేర్ అలయన్స్ అని వచ్చింది, అది తన దగ్గర గుర్రాలు పెట్టుకోదు, ఓనర్లు, బ్రీడర్లు, రేసుకోర్సులు, గుర్రాల వేలం కంపెనీల దగ్గర డబ్బు పోగుచేసి, గుర్రాల్ని చూసుకునే సంస్థల్ని తనిఖీ చేసి, పాసైనవాళ్ళకే గ్రాంటు ఇస్తుంది. కొట్టం చూస్తారు, పుస్తకాలు చూస్తారు, డాక్టర్ రికార్డు చూస్తారు. మా గోశాలకి అలాంటి తనిఖీ వస్తే బెంచీలు తప్ప ఏం చూపించాలో!

బ్రిటన్‌లో ఇంకోలాగ. అక్కడ రేసింగ్ వాళ్ళే 2000లో రీట్రైనింగ్ ఆఫ్ రేస్‌హార్సెస్ అనే సంస్థ పెట్టుకున్నారు. ఇది కాక పందేల డబ్బు మీద 1961 నుంచి ఒక లెవీ, అంటే పన్నులాంటిది ఉంది, ఇప్పుడు పందేలు కట్టించుకునే బుక్‌మేకర్లు బ్రిటిష్ రేసుల మీద వేసుకున్న లాభంలో 5 లక్షల పౌండ్లు దాటినదానిపై 10 శాతం కట్టాలి. ఆ డబ్బు ఎక్కువగా ప్రైజ్‌మనీకి, గుర్రాల వైద్య పరిశోధనకి పోతుంది అనుకోండి, కానీ పందెం నుంచి మళ్ళీ గుర్రానికి ఒక కాలవ తవ్వి ఉంది కదా. మరో ముచ్చట, అక్కడ టోట్ అని ప్రభుత్వం చేతిలో ఉన్న పందేల సంస్థని 2011లో ప్రైవేటుకి అమ్మేశారు, అమ్మగా వచ్చినదాంట్లో సగం రేసింగ్‌కి ఇచ్చారు, దాంతో 2012లో రేసింగ్ ఫౌండేషన్ పుట్టింది. ఆ నిధిని మదుపు చేసి, గుర్రాల సంక్షేమం లాంటి పనులకి గ్రాంట్లు ఇస్తారు. విజయనగరం వాళ్ళకి ఈ పద్ధతి విడమర్చి చెప్పక్కర్లేదు, 1958లో వాళ్ళ రాజవంశానికి చెందిన పీవీజీ రాజు గారు మాన్సాస్ ట్రస్టు పెట్టి భూములు, భవనాలు రాసిచ్చింది దీనికే. అంతకంటే పాత మాట చెప్పాలంటే దేవుడి మాన్యం. పూజారి రోజూ హుండీ వైపు చూస్తూ కూర్చోకుండా దీపానికి నూనె ఆ పొలంలోంచే వస్తుంది.

అయితే కొయ్యడం ఒక్కటే చాలదు, కోసింది ఎవరి ఖాతాలో వేస్తారన్నది అసలు తగువు. మా సీపీఎస్‌లో ఎవరి ఖాతా వాళ్ళది. గుర్రాలకి అలగ పెడితే? గెలిచిన గుర్రానికి బోలెడు, ఓడిన గుర్రానికి సున్నా. హారు ఉరారా ఖాతాలో ఏముంటుంది, గడ్డిపోచ. అన్నిటికంటే సాయం కావాల్సింది ఓడినదానికే, గెలిచిన మగ గుర్రాన్ని స్టడ్ ఫారం వాడు తీసుకుపోయి మహారాజులాగ చూస్తాడు, దాని సంతానంతో కోట్లు వస్తాయి. మధ్యరకంవి, ఓడినవి, మోకాళ్ళు పోయినవే రోడ్డున పడతాయి. కాబట్టి ఇక్కడ ఉమ్మడి కుండ కావాలి, గెలిచినదాని 1 శాతం ఓడినదాని దాణా అవ్వాలి. అంటే గుర్రాలకి కోత సీపీఎస్ లాగ, పంపకం పాత పెన్షన్ లాగ. మా యూనియన్ వాట్సాప్ గ్రూపులో ఈ మాట అంటే ఒకాయన "ముందు మన పెన్షన్ సంగతి చూడండి సార్, గుర్రాలది తర్వాత" అన్నాడు. అదీ నిజమే.

ఇంకో విషయం, అన్ని సంస్థలూ గుర్రాల్ని చచ్చేదాకా మేపవు. చాలామంది చేసేది కొత్త పని నేర్పించి ఇంకొకరికి ఇవ్వడం. పరుగు తప్ప ఏమీ తెలియని గుర్రానికి నెమ్మదిగా నడవడం, మలుపు తిరగడం, పిల్లల్ని మొయ్యడం నేర్పించాలంటే కొన్ని నెలలు పడుతుంది. దత్తత ఇచ్చేటప్పుడు రుసుము తీసుకుంటారు కానీ అది పెట్టిన ఖర్చుకి ఏ మూలకీ రాదు. లాభం ఎక్కడంటే కొట్టంలో ఒక చోటు ఖాళీ అవుతుంది, ఒకే చోటులో ఏడాదికి రెండు మూడు గుర్రాలు బాగుపడి వెళ్తాయి. కాళ్ళు బాగులేక ఎవరూ ఎక్కలేని గుర్రాలే కష్టం, అవి ఉన్నన్నాళ్ళూ ఉంటాయి. వాటికే నెలవారీ స్పాన్సర్లని వెతుకుతారు, ఒకే గుర్రానికి పదిమంది స్పాన్సర్లుంటారు, పదిమందికీ అదే ఫోటో వెళ్తుంది, నాకైతే ఇందులో మోసం ఏమీ కనపడలేదు, పుల్లారెడ్డి ఎల్లారెడ్డి అందరూ కలిస్తేనే ఒక గుర్రానికి ఒక నెల దాణా.

మన దేశం సంగతి చూస్తే నాకు కొంచెం కోపం కూడా వచ్చింది. హైదరాబాద్ మలక్‌పేటలో నిజాం 1886 నాటికే రేసులు ఆడించారు, చెన్నై గిండీలో అంతకంటే వందేళ్ళ ముందే మొదలయ్యాయి. 1996లో సుప్రీంకోర్టు గుర్రప్పందెం జూదం కాదు, నైపుణ్యం అని చెప్పింది. బాగుంది. ఇప్పుడు ఆ పందెం మీద జీఎస్టీ 28 నుంచి 2025 సెప్టెంబర్ 22న 40 శాతం అయింది. ఆ నలభైలో పరిగెట్టిన దాని ముసలితనం కోసం అని ఒక గీత గీసిన పద్దు లేదు. నైపుణ్యం ఎవరిదో, పన్ను ఎవరికో, దాణా మాత్రం మూడో చెయ్యి మీద కొన్న పెళ్ళిళ్ళ గుర్రం అతనిది.

స్వచ్ఛంద సంస్థగా పెట్టి డబ్బు తేవాలంటే ఇక్కడ ఉన్న దారులు మా గోశాలకి తిరిగినవే. పన్నుల శాఖ 80జి గుర్తింపు ఉంటే ఇచ్చినవాడికి సగం మొత్తానికి పన్ను మినహాయింపు, కానీ రెండువేలు దాటిన క్యాష్‌కి వర్తించదు, పైగా కొత్త పన్ను విధానంలోకి పోయినవాళ్ళకి అసలు ఉండదు, మా స్టాఫ్‌రూంలో సగంమంది దాంట్లోకే పోయారు, అందుకే మార్చి నెలలో వచ్చే చందా తగ్గిపోయింది. పెద్ద కంపెనీల సీఎస్సార్, అంటే సమాజం పనులకి ఖర్చు పెట్టాల్సిన మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం, ఆ జాబితాలో జంతు సంక్షేమం అన్న మాట ఉంది, కానీ స్కూలుకి మరుగుదొడ్డి కట్టిస్తే వచ్చే ఫోటో ముసలి గుర్రం దగ్గర రాదు కదా. విదేశీ డబ్బుకి ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ కావాలి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఖాతా తెరవాలి, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. అందుకే మా ఎన్నారై తమ్ముడు కూడా ఇక్కడున్న తన సొంత ఖాతాలోంచే పంపాడు, అది వేరే కథ.

మన జిల్లాలో గుర్రాల కోసం ఎవరైనా చందా అడగాలంటే ఏం చెప్పి అడుగుతారు అని కూడా ఆలోచించాను. మనకి రేసులు లేవు, జట్కాలు పోయాయి. మా తాత ఆమదాలవలస స్టేషన్లో దిగి జట్కా మీద శ్రీకాకుళం వచ్చేవాణ్ణని చెప్పేవాడు, ఆ గుర్రాలన్నీ చివరికి ఏమయ్యాయి తాతా అని అడగాలని నాకు అప్పుడు తోచలేదు. గుర్రాన్ని మనం ఇప్పుడు చూసేది అరసవల్లిలోనే, రథసప్తమికి లక్షలమంది వస్తారు, ఆ ఏడు గుర్రాలకీ రిటైర్మెంటు లేదు, దాణా బాధ లేదు. నేనైతే పాముకాటు చెప్పి అడుగుతాను. ఉభాల్లోనూ, అంటే వరినాట్లలోనూ, కోతల్లోనూ మనూళ్ళలో పాము కరిస్తే ఆసుపత్రిలో ఎక్కించే మందు గుర్రం ఒంట్లోంచి వచ్చిందే, గుర్రానికి కొంచెం కొంచెంగా విషం ఎక్కించి, దాని రక్తంలో పుట్టే విరుగుడుని తీస్తారు. మా పెదనాన్న ఆ మందుతోనే బతికాడు. ఆ ఒక్క ముక్క చెప్తే మా ఊళ్ళో బెంచీ దాతలు కూడా ఉలవల బస్తాకి ఒప్పుకుంటారు అని నా నమ్మకం.

ఇంతకీ ఆ విజయనగరం గుర్రం. ఆ రోజు నంబర్ తీసుకున్నాను కదా, ఇదంతా చదివిన ఊపులో అతనికి ఫోన్ చేసి నెలకి 500 ఉలవలకి పంపుతాను అన్నాను. గుర్రం రేసు పేరేంటి అని అడిగితే తెలీదు, మేం రాజు అంటాం అన్నాడు. ఫోన్‌లో ఆటోపే పెడదామని చూశాను, నాకు కుదరలేదు, పోనీలే ఒకటో తారీఖున జీతం పడగానే నేనే పంపుతాను అనుకున్నాను. మొదటి నెల పంపాను. రెండో నెల కూడా పంపాను. మూడో నెల పదో తరగతి మూల్యాంకనం డ్యూటీలో పడి పూర్తిగా మర్చిపోయాను, తొమ్మిదో తారీఖు సాయంత్రం అతనే ఫోన్ చేశాడు, డబ్బు మాట ఎత్తలేదు, "బాగున్నారా మాస్టారూ, ఊరకే సేసాను" అన్నాడు.